అర్ధరాత్రి పరీక్ష – ఒక విమర్శ

కంప్యూటర్ గడియారం తేదీని సరిగా మార్చుకొంటున్నదా లేదా అని తెలుసుకొనడానికి ఒక పరీక్ష చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. గడియారాన్ని 1999 డిసెంబరు 31, రాత్రి 11 గంటల 58 నిమిషాలకు పెట్టాలి. రెండు నిమిషాలు వేచి ఉండాలి. తెరమీద 2000 జనవరి 1 అని కనిపిస్తే యంత్రం ఉత్తీర్ణమైనట్లే. పరీక్ష సులభమైనది, తరగతిలో విద్యార్థులచేత చేయించడానికీ అనువైనదే. కాని అది నిజంగా దేనిని పరీక్షిస్తున్నదో విచారించినట్లయితే, దానిమీద అంత నమ్మకం పెట్టుకొనరాదని తేలుతుంది.

మొదటి సంగతి, కంప్యూటర్‌లో ఉన్న గడియారం ఒకటి కాదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీలో, ఆపివేసినా నడిచే గడియారమే లేదు. మీట నొక్కిన ప్రతిసారీ అది ఈనాటి తేదీ ఏమిటని మనిషినే అడిగేది! 1984 నాటి పీసీ ఏటీలో మోటరోలా వారి గడియారపు చిప్పును అమర్చారు. దానికి తోడు ఒక బ్యాటరీ, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటాయి. కంప్యూటర్ నిద్రపోయినా ఈ చిప్పు నిద్రపోదు. ఇక రెండవ గడియారం ఆపరేటింగ్ సిస్టంలో ఉన్నది. అది మేలుకొనగానే చిప్పును ఒకసారి అడిగి తేదీ తెలుసుకొంటుంది. అక్కడినుంచి తన లెక్క తాను నడుపుకొంటుంది. సాధారణంగా తెరమీద మనకు కనిపించేది ఈ రెండవ గడియారమే.

లోపం ఇక్కడనే ఉన్నది. ఆనాటి చిప్పు సంవత్సరాన్ని రెండంకెలలోనే దాచేది. 99 తరువాత దానికి 00 వస్తుంది. శతాబ్దం మారిందని దానికి తెలియదు. 19 అనే సంఖ్యను జ్ఞాపకంలో వేరొక గదిలో వ్రాసి ఉంచారు. ఆ గదిని చిప్పు తనంతట తాను ముట్టదు. కనుక రాత్రి పన్నెండు కాగానే ఆపరేటింగ్ సిస్టం తన సొంత లెక్కప్రకారం 2000 అని చూపి మనలను సంతోషపెడుతుంది. యంత్రాన్ని ఆపి మళ్లీ తెరిచినప్పుడు, శతాబ్దపు గదిని దిద్దే ఏర్పాటు లేనిచోట చిప్పునుంచి వచ్చే సమాధానం 1900! డాస్ అనే ఆపరేటింగ్ సిస్టంలో కాలం 1980తో మొదలవుతుంది. 1900 అంటే దానికి అర్థం కాక, 1980 జనవరికి వెళ్లి కూర్చున్న యంత్రాలు ఉండేవి. అంటే రాత్రి ఉత్తీర్ణమైన యంత్రమే తెల్లవారి తప్పింది. కనుక యంత్రాన్ని ఆపివేసి, ఆపివేసిన స్థితిలోనే అర్ధరాత్రిని దాటనిచ్చి, ఆ తరువాత తెరిచి చూడడం కూడా పరీక్షలో భాగం కావాలి.

గడియారం సరిగానే ఉన్నా లెక్క తప్పవచ్చును. అది మరొక సంగతి. 1992లో అమెరికాలో 104 ఏళ్ల వృద్ధురాలికి శిశుతరగతిలో చేరవలసిందిగా ఆహ్వానం వచ్చింది. ఆమె పుట్టిన సంవత్సరం 88 అని మాత్రమే ఉండడంవల్ల, ఆమె వయస్సు నాలుగేళ్లని యంత్రం తేల్చింది. దాని గడియారంలో తప్పేమీ లేదు. పాఠశాలలో పుట్టిన తేదీలను కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు ఈ సంగతి గమనించాలి.

లీపు సంవత్సరం విషయంలో ఒక తమాషా జరిగింది. నాలుగుచేత భాగించబడే సంవత్సరం లీపు సంవత్సరం. నూరుచేత భాగించబడితే కాదు. నాలుగు వందలచేత భాగించబడితే మళ్లీ అవును. మొదటి సూత్రం మాత్రమే తెలిసిన ప్రోగ్రాము 2000ను లీపు సంవత్సరంగా లెక్కించి ఒడ్డునపడింది. రెండు సూత్రాలు తెలిసి, మూడవది తెలియనిదే తప్పింది! పైన చెప్పిన చిప్పుకు తెలిసింది మొదటి సూత్రమే. అది అప్పటివరకు నడిచి ఉంటే 2100లో లేని ఫిబ్రవరి 29ని చూపిస్తుంది.

అర్ధరాత్రి పరీక్షతోపాటు ఫిబ్రవరి 29ని కూడా పరీక్షించాము, ఇక చాలునా? చాలదు. జూన్ అనే మైక్రోసాఫ్ట్ వారి సంగీత యంత్రంలో 30 గిగాబైట్ల రకం 2006లో వచ్చింది. అవి 2008 ఫిబ్రవరి 29ని సుఖంగా దాటాయి. అదే సంవత్సరం డిసెంబరు 31న మాత్రం మూకుమ్మడిగా నిలిచిపోయాయి. కారణం ఏమిటో విద్యార్థులు కాగితంమీద చేసి చూడదగినది. ఒక మూలదినంనుంచి గడిచిన రోజులను తీసుకొని, యంత్రం సంవత్సరాన్ని కనిపెట్టాలి. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువగా ఉన్నంతవరకు ఒక్కొక్క సంవత్సరాన్ని తీసివేస్తూ పోవాలి. లీపు సంవత్సరమైతే, మిగిలినవి 366 కంటే ఎక్కువైనప్పుడు 366 తీసివేయాలి. సరిగా 366 మిగిలితే? 365 కంటే ఎక్కువ, కనుక పని ఆగదు. 366 కంటే ఎక్కువ కాదు, కనుక తీసివేతా జరగదు. యంత్రం గానుగెద్దువలె అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది. లీపు సంవత్సరాన్ని వేరుగా, సంవత్సరాంతాన్ని వేరుగా పరీక్షించేవారికి లీపు సంవత్సరపు 366వ రోజు తట్టదు.

2000లో పెద్ద ప్రమాదమేమీ జరగలేదు గదా, ఇదంతా అనవసరమని కొందరంటారు. ముందుగా వెతికి దిద్దినందువల్లనే చాలా ప్రోగ్రాములు గట్టెక్కాయన్న సంగతిని వారు మరచిపోతున్నారు.

రాబోయే గండం అర్ధరాత్రి వచ్చేది కాదు. 1970 జనవరి 1నుంచి గడిచిన సెకన్లను 32 బిట్లలో లెక్కించే యంత్రాలలో 2,147,483,647 దాటితే చోటు చాలదు. 2038 జనవరి 19న ఆ సంఖ్య నిండుతుంది. అప్పుడు మనదేశంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు అవుతుంది. మరుసటి సెకనులో అటువంటి యంత్రం 1901 డిసెంబరుకు వెనక్కు పోవచ్చును. 64 బిట్లలో లెక్కించే యంత్రాలకు ఈ బాధ లేదు.

పరీక్ష చేయదలచినవారు పాఠశాల రికార్డులున్న కంప్యూటర్‌ను ముట్టరాదు. గడియారాన్ని ముందుకు జరిపితే గడువుగల ప్రోగ్రాములు మూతపడవచ్చును. ఫైళ్లమీద రాబోయే తేదీలు పడతాయి. వేరొక యంత్రం దొరికితే మొదట ఇంటర్నెట్ తీగను ఊడదీయాలి. లేకుంటే అది మన వెనుకనే గడియారాన్ని దిద్దుకొని, పరీక్షను పాడుచేస్తుంది. అంతా ముగిసిన తరువాత సరైన తేదీని పెట్టి, యంత్రాన్ని ఒకసారి పూర్తిగా ఆపి, మళ్లీ తెరిచి చూడాలి.