ఉమ్మడి గోడ, యాభై వాట్ల పెట్టె

“ఎన్ని వాట్ల యాంప్ తీసుకోవాలన్నా?” గిటార్ కొని ఆర్నెల్లు దాటిన కుర్రాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పేముందు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: “మీ పక్కగోడ ఎవరిదిరా?” మా కోలారు బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేటలో నాలుగు పక్కలా ఖాళీ వదిలి కట్టుకున్న ఇల్లయితే ఒక లెక్క. ఛాంపియన్ రీఫ్‌లోనో మారికుప్పంలోనో లైను ఇల్లయితే ఇంకో లెక్క. వాట్ల సంగతి ఆ తర్వాత.

ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు చదివేవాళ్ళకు లైను ఇల్లంటే ఏమిటో చెప్పాలి. గని కార్మికుల కోసం వరసగా కట్టిన చిన్న ఇళ్ళు అవి. ఒకరి గోడే ఇంకొకరి గోడ. అవతల దగ్గితే ఇవతల తెలుస్తుంది. గనులు మూడు షిఫ్టులు నడిచిన రోజుల్లో ఏ వేళ చూసినా లైన్లో ఎవరో ఒకరు నిద్రలో ఉండేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం గోలీలాడే పిల్లల్ని కూడా “అరవద్దండ్రా, మామ రాత్రి షిఫ్టు చేసొచ్చినాడు” అని గదిమేవాళ్ళు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. షిఫ్టులు పోయాయి గానీ నిద్రవేళలు చక్కబడలేదు. ఇప్పుడు బెంగళూరు రైలు మీద బతికేవాళ్ళున్నారు. రానూ పోనూ చెరి వంద కిలోమీటర్లు. తెల్లవారకముందే లేవాలి, రాత్రి అలిసిపోయి ఇల్లు చేరాలి. అట్లాంటి మనిషి గోడకు తలపెట్టి పడుకుంటే, ఇవతల మనం వాయించేదాన్ని సంగీతమని ఎంతసేపు అనగలం?

ఇంకొకటి కూడా ఉంది. మాది గోడ అదిరితే బయటికి పరిగెత్తిన ఊరు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో రాతి మీది ఒత్తిడి ఒక్కసారిగా తెగి బండ పగిలితే, దాన్నే రాక్ బర్స్ట్ అంటారు, పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. కింద ఎవరి షిఫ్టు నడుస్తోందో లెక్క వేసుకుంటూ జనం గని దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. యాంప్‌ను నేల మీద, మూలకు, ఉమ్మడి గోడకు ఆనించి పెట్టి ఆ తీగను గట్టిగా లాగితే అవతలి ఇంటి అలమరలో గ్లాసులు టకటకలాడతాయి. మా పక్కింటి పెద్దాయన గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకసారి గుమ్మం దాకా వచ్చి, “ఏమి నాయనా, మళ్ళీ కింద పగిలిందేమో అనుకుంటి” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

అసలు ఎలక్ట్రిక్ గిటార్‌కు యాంప్ పుట్టిందే గట్టిగా మోగడానికి. డాన్సు హాల్లో డ్రమ్ములూ బాకాల నడుమ గిటార్ వినపడాలి, అంతే. ఇంగ్లీషు దొరలూ ఆంగ్లో-ఇండియన్లూ ఉన్నకాలంలో మా ఊరికి ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పేరు. క్లబ్బులు, బాల్ డాన్సులు ఇక్కడా ఉండేవి. వాల్వుల యాంపుల కాలంలో ఒక విచిత్రం జరిగింది. వాల్వు మోయగలిగినదానికి మించి వాల్యూమ్ పెంచితే స్వరం చిట్లింది. ఆ చిట్లడమే వినేవాళ్ళకు నచ్చింది. బ్లూస్‌కూ రాక్‌కూ ఆ బొంగురే ప్రాణమైంది. 1965లో పీట్ టౌన్‌షెండ్ లాంటి రాక్ గిటారిస్టులు ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటుంటే లండన్‌లో జిమ్ మార్షల్ వంద వాట్ల యాంపులు చేసి ఇచ్చాడు. మైదానాలకు సరే. ఇంట్లో సాధన చేసుకునేవాడికి మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. మంచి స్వరం కావాలంటే వాల్యూమ్ పెంచాలి, పెంచితే వీధి లేస్తుంది.

ఆ చిక్కు విప్పింది మోడలింగ్. తీగ నుంచి వచ్చే సిగ్నల్‌ను సెకనుకు నలభై వేలకు పైగా సార్లు కొలిచి అంకెలు చేస్తారు. ఫలానా వాల్వు, ఫలానా స్పీకరు పెట్టె, దాని ముందు నిలబెట్టిన మైకు ఆ సిగ్నల్‌ను ఎట్లా వంచేవో చిప్పు లెక్కగడుతుంది. మళ్ళీ శబ్దం చేసి వదులుతుంది. 1995లో రోలాండ్ కంపెనీ ఈ పద్ధతితో వీజీ-8 తెచ్చింది. మరుసటి ఏడాది లైన్ 6 వాళ్ళ యాక్సిస్ 212, ఈ లెక్కలన్నీ పొట్టలో పెట్టుకున్న యాంప్‌గా వచ్చింది. 1998లో వాళ్ళదే పాడ్, చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి డబ్బా, స్టూడియోల్లోకీ పడకగదుల్లోకీ దూరింది. దీంతో చిట్లే స్వరానికీ వాల్యూమ్‌కూ ఉన్న పాత ముడి తెగింది. వంద వాట్ల వాల్వు ఉడికినప్పటి గొంతు, మనం గొంతు తగ్గించి మాట్లాడుకునేంత మోతలో వస్తుంది. లైను ఇంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది ఇంకొకటి ఉంది. చెవి సంగతి చూసుకోవాలి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్వరాలు మన చెవికి మిగతావాటికన్నా ఎక్కువగా మాయమవుతాయి. బెంగళూరు అంగట్లో గట్టిగా పెట్టి విన్నప్పుడు గంభీరంగా ఉన్న యాంప్, ఇంటికొచ్చి వాల్యూమ్ తగ్గించగానే రేకు డబ్బాలా పలకడానికి కారణం ఇదే. యాంప్ మారలేదు, కంపెనీ మోసం చేయలేదు. అందుకని అంగట్లో నేను చేసేది ఒకటే. అక్కడి కుర్రాడు నాలుగు రాక్ ముక్కలు దంచి చూపించాక, మాస్టర్ వాల్యూమ్‌ను వినపడీ వినపడనంతకు దించి, అక్కడ క్లీన్ స్వరం మీద మూడు తీగలు కలిపి మీటి చూస్తాను. ఆ మోతలో మూడు తీగలూ మూడుగా వినపడితే ఆ యాంప్ గురించి ఆలోచించవచ్చు. లేకపోతే లోపల ఎన్ని మోడళ్ళున్నా నాకు పనికిరాదు. కొన్ని యాంపుల్లో వాల్యూమ్ బిరడా మొదటి గీత దాకా ఏమీ పలకదు, గీత దాటగానే గది నిండిపోతుంది. అట్లాంటిది ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు.

వాట్ల విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. 5 వాట్లకూ 50 వాట్లకూ తేడా పది డెసిబెల్స్. చెవికి అది పది రెట్లు కాదు, సుమారు రెండు రెట్లు. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. మా జాతర్లలో తమటె డప్పులు దాన్ని ఎంతవరకు ఖాతరు చేస్తాయో అందరికీ తెలుసు. తమటె ఏడాదికి ఒకసారి, ఊరంతా కలిసి కొట్టేది. నా సాధన రోజూ, నా ఒక్కడిది. రెంటికీ ఒకే న్యాయం కుదరదు.

యమహా వాళ్ళు 2011లో టీహెచ్ఆర్ అని తెచ్చినప్పుడు చెప్పిన మాట నాకు నచ్చింది. వేదికకు ఒక యాంప్, రిహార్సల్‌కు ఒకటి, ఇంట్లో బల్ల మీదికి మూడోది. అంతకుముందు పెద్ద యాంపులను కుదించి ఇంటివి అని అమ్మేవాళ్ళు. ఇది ఇంటికోసమే ఆలోచించి చేసింది. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకరు బదులు, పాటలు వినే పెట్టెలో ఉండేలాంటి చిన్న స్పీకర్లు రెండు. స్పీకరు పెట్టె, మైకు స్వభావం మోడలింగ్ లెక్కలోనే వచ్చేసింది కనుక చివర ఉండే స్పీకరు తన రంగు పూయకుండా ఉన్నదున్నట్టు పలకాలి. పాజిటివ్ గ్రిడ్ వాళ్ళ స్పార్క్‌దీ ఇదే దారి. బాస్ వాళ్ళ కటానా-50 మాత్రం పన్నెండు అంగుళాల గిటార్ స్పీకరుతోనే వస్తుంది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునేవాడికి నేను చిన్న స్పీకర్ల వైపే మొగ్గు చూపుతాను. పెట్టడం కూడా ముఖ్యమే. నేల మీద కాళ్ళ దగ్గర పెడితే తీక్షణమైన స్వరాలు పిక్కలకు తగిలి పోతాయి, చెవికి రావు. మనం ట్రెబుల్ పెంచుతాం, పక్కింటికి చెవులు చిల్లులు పడతాయి. గోడకు దూరంగా, స్టూలు మీద మడిచిన దుప్పటి వేసి, చెవికి ఎదురుగా పెట్టుకుంటే సగం మోతతో పని జరుగుతుంది.

మనలో గిటార్ పట్టినవాళ్ళందరూ రాక్ వాయించరు. పొద్దున ఇళయరాజా పాట, సాయంత్రం ఒక కీర్తన వాయించేవాళ్ళే ఎక్కువ. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ విద్వాంసుడు శ్రీనివాస్ తన వాద్యానికి ఉన్న ఎనిమిది తీగలను ఐదు చేసి, దాన్ని ఎలక్ట్రిక్ చేసుకున్నాడు. అది ఆర్భాటం కాదు. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే చచ్చిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలబడాలి, దాన్ని మోయడానికి యాంప్ కావాలి. గిటార్ మీద తోడి గాంధారం ఊపాలనుకునేవాడికి వంద హెవీ మెటల్ మోడళ్ళు దండగ. మంచి క్లీన్ స్వరం, దాని వెనక స్వరాన్ని పట్టి నిలబెట్టే కంప్రెసర్ ఉంటే చాలు. కటానాలో ప్రధాన మోడళ్ళు ఐదారే, అవే ఎక్కువ. ఫోన్ యాప్‌లో వేల టోన్లు దొరికే పెట్టెలతో ఏమవుతుందో నాకు బాగా తెలుసు. గంట కూర్చుంటే ముప్పావు గంట టోన్లు తడమడంలోనే పోతుంది.

రెవర్బ్, అంటే స్వరానికి కలిపే ప్రతిధ్వని, గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. అది స్నానాల గదిలో పాట లాంటిది, ఎవడి గొంతైనా బాగుంటుంది. సాధనకు కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని పూర్తిగా ఆపేయాలి. వేలు తీగ మీద సగమే ఆనినా, మీటు ఆలస్యమైనా యాంప్ నిర్దాక్షిణ్యంగా చెప్పాలి. పాడుకుని మురిసిపోవాలనిపించినప్పుడు వేసుకుంటే ఎవరూ వద్దనరు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఈ గొడవలేమీ ఉండవు కదా అంటారు. రాత్రి పదకొండుకు అదే దారి, నేనూ పెట్టుకుంటాను. కానీ వైరు ఉన్నవే పెట్టుకోవాలి. మోడలింగ్ లెక్కకు పట్టే కాలం కొన్ని మిల్లీసెకన్లు. మూడు మిల్లీసెకన్లంటే యాంప్ ఒక మీటరు దూరంలో ఉన్నట్టే, చేతికి తెలియదు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అయితే స్వరం ఎంత వెనకబడుతుందంటే తాళం తప్పి పిచ్చెక్కుతుంది. యాంప్ మీద బ్లూటూత్ అని రాసి ఉండేది ఫోన్లోంచి తంబురా శ్రుతినో పాటనో పంపడానికి. ఈ తేడా అంగట్లో ఎవరూ విడమరిచి చెప్పరు. చెవుల సంగతి కూడా: 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మోత పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి.

ఇక కరెంటు. శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి 1902లో మా గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధులకు అది 1905లో గానీ రాలేదు. ఆ గొప్ప చెప్పుకుంటూనే వానొచ్చిన సాయంత్రం కొవ్వొత్తి వెతుక్కుంటాం. కాబట్టి బ్యాటరీతో కూడా నడిచే యాంప్ ఇక్కడ విలాసం కాదు. చవక ఇన్వర్టర్ మీద నడిపితే కొన్ని యాంపులు జుయ్యిమంటాయి, కొనేముందు అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. పాత లైను ఇళ్ళల్లో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది గానీ మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. తీగలు ముట్టుకున్నప్పుడు వేళ్ళు జివ్వుమంటే యాంప్‌ను తిట్టకుండా ప్లగ్గు పీకేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఆ ఖర్చు యాంప్ ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.

పాత వాల్వు సెట్టు పాడైతే ఎం.జి. మార్కెట్ వైపు రేడియో మెకానిక్ ఎవరైనా మూత విప్పి చూసేవాడు. మోడలింగ్ యాంప్‌లో చూడడానికి ఒక చిప్పు, దాన్ని ఎవరూ బాగుచేయరు. దానికి తోడు ఫోన్ యాప్ లేకుండా సగం పనులు చేయని యాంపులు వస్తున్నాయి. కంపెనీ నాలుగేళ్ళకు ఆ యాప్‌ను వదిలేస్తే పెట్టె మిగులుతుంది, అందులోని విద్య పోతుంది. నా షరతు ఒకటే: ఫోన్ ఆపేసినా, పెట్టె మీదున్న బిరడాలతోనే నా స్వరం నాకు దొరకాలి.

చర్చిలో వాయించే పిల్లల సంగతి వేరు. మా ఊళ్ళో గిటార్ పట్టినవాళ్ళలో చాలామంది అక్కడ మొదలైనవాళ్ళే. వాళ్ళకు ఆదివారం హాలు నిండాలి, సోమవారం గోడ అదరకూడదు. రెండు యాంపులు కొనే డబ్బు ఉండదు. వాళ్ళకు మాత్రం ఆ పన్నెండు అంగుళాల కటానా-50నే చెబుతాను. దాని మీద 50, 25, 0.5 వాట్ల మధ్య మార్చుకునే బిరడా ఉంది. ఇంట్లో అరవాటు మీద, హాల్లో యాభై మీద. బరువు పదకొండు కిలోలకు పైనే. మారికుప్పం నుంచి ఆటోలో తీసుకుపోవాలంటే గిటార్ ఒళ్ళో పెట్టుకోక తప్పదు.