కంగారు పడొద్దని చెప్పే పుస్తకం

ఉస్మానియాలో కెమిస్ట్రీ చేస్తున్న జూనియర్ ఒకడు తార్నాకలోని తన రూమ్‌కి పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. "అన్నా, తేలిగ్గ తాగేటట్టుండాలె, హాప్స్ వాసన మస్తుగ రావాలె. ఇంట్లనే చేద్దమనుకుంటున్న. చదివి చెప్పు, అయితదా కాదా." చార్లీ పపాజియన్ రాసిన 'ద కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్‌బ్రూయింగ్'. 1984లో వచ్చింది. అయితదో కాదో చెప్పేంత కెమిస్ట్రీ నాకు రాదు. తెలుగు ఎం.ఏ. వాణ్ణి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఏ పుస్తకమైనా ఎలా చదువుతానో అలాగే చదివా.

వచనం బాగుంది, ముందు అది ఒప్పుకోవాలి. పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. హాప్స్ సంగతి వచ్చేసరికి నేను నిజంగానే ఆగిపోయా. మాల్ట్ నీళ్ళు గంటసేపు మరుగుతాయి. ఆ మరుగు మొదట్లో వేసిన హాప్ పూలు చేదునిస్తాయి, వాసన ఆవిరైపోతుంది. దించే ముందు వేసిన అవే పూలు చేదు పెద్దగా ఇవ్వవు, వాసన మిగులుస్తాయి. చారు దించాక కొత్తిమీర వేయడం తెలిసిన ఇంట్లో ఇది వింతేం కాదు. కాకపోతే పువ్వు ఒకటే, వేసిన నిమిషాన్ని బట్టి అర్థం మారిపోతుంది. 1972లో అమెరికాలో విడుదలైన క్యాస్కేడ్ అనే రకం వాసనని అక్కడివాళ్ళు గ్రేప్‌ఫ్రూట్‌తో పోలుస్తారు. మనకి పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన అనుకోవచ్చు. మావాడు కోరుతున్నది ఇదే: మొదట కొంచెం, చివర్లో ఎక్కువ.

నాకు పేచీ వచ్చింది గొంతుతో. పేజీ పేజీకీ కంగారు పడకు, ఏం కాదు అంటుంటాడు రచయిత. ఆ నిశ్చింత శైలి వల్ల వచ్చిందని మొదట అనుకున్నా. కాదు, చట్టం వల్ల వచ్చింది. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం కూడా నేరమే ఒకప్పుడు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం మరుసటి ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అలబామా, మిసిసిపీలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. తలుపు ఎవరూ తట్టరని తెలిశాకే కదా "కంగారు పడకు" అనే వాక్యం అంత హాయిగా రాయగలిగేది! ఇక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా కాచినా పులియబెట్టినా నేరమే. ఆ మాట మావాడికి చెప్పా.

"ఇరవై లీటర్లకి మూడో అంతస్తుకి ఎవడొస్తడన్నా?"

ఎవడూ రాడు. నాకు మింగుడుపడనిది అదే.

మా ఊళ్ళో మా బాపమ్మ గుడుంబా కాచేది. నల్లబెల్లం పులిసే కుండకి చెవి ఆనించి వినేది. ఆ చప్పుడు పలచబడితే పొయ్యి వెలిగించేది. పపాజియన్ బుడగలు లెక్కపెట్టమంటాడు, ఆమె వినేది, అంతే తేడా. ఒకరోజు ఎవరో వచ్చి కుండలన్నీ పగలగొట్టి పోయారు. వాడంతా పులిసిన బెల్లం వాసన. ఆమెని గొప్ప కళాకారిణిని చేసే ఉద్దేశం నాకు లేదు. బీరు వేరు, బట్టీ పెట్టిన సారా వేరు. మా పెదనాన్నని తీసుకుపోయింది ఆ సారాయే, అది కాచింది కన్నతల్లే. ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఈ మాట పైకి అనరు.

మన దగ్గర తాగుడు మీద ఇంకో వాచకం ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో సారా మీద పాఠాలు పెట్టారు, 'సీతమ్మ కథ' వాటిలో ఒకటి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడు సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. అదీ పపాజియన్ పుస్తకంలాగే కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిందే. ఆయన కంగారు పడొద్దంటాడు, అది కంగారు పడమంటుంది. ఏది గొప్ప వాచకం అంటే తడుముకోకుండా రెండోదే అంటా. ఆయన పుస్తకం వంటింట్లో పని చేసింది, ఇది ప్రభుత్వం చేత పని చేయించింది.

అయినా ఒక లోటు. నేను చదివినంతలో మన సాహిత్యంలో తాగేవాడున్నాడు, తన్నులు తినే భార్య ఉంది, దుకాణం ఉంది. కాచే మనిషి చేతులు దాదాపు లేవు. పపాజియన్ దగ్గర ఉన్నవి ఆ చేతులే. అందుకే కోపం వచ్చినా పుస్తకం చివరిదాకా వదల్లేకపోయా.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి మేలో వెళ్ళా. పులియడానికి 20 డిగ్రీలు కావాలట, రూమ్‌లో ఫ్యాను కింద కూడా 36 ఉంది. బకెట్ కొన్నాడు గానీ దాంట్లో బట్టలు నానబెట్టుకుంటున్నాడు. బాపమ్మ సంగతి చెప్తే నవ్వలేదు.

"మరి ఆమె హాప్స్‌కి బదులు ఏమేసేదన్నా?"

"తుమ్మచెక్క. వగరుగా ఉంటది."

"ఎప్పుడు వేసేది? మొదట్లనా, చివర్లనా?"

నాకు తెలియదు. అడగలేదు ఎప్పుడూ.