ఒక ఫోటో - నలుగురు సాక్షులు

'మర్డర్' సినిమా 2004లో వచ్చింది. అప్పటికి నేను బి.ఏ. పూర్తిచేసి మండపేటలో ఖాళీగా వున్నాను. మా వీధి సాయిబుల కుర్రాళ్ళం నలుగురం కాకినాడ వెళ్ళి చూసొచ్చాం. పెద్దలకు మాత్రమే సర్టిఫికెట్ వున్న సినిమా కాబట్టి ఇళ్ళల్లో చెప్పలేదు. తిరుగు బస్సులో అందరూ మల్లికా షెరావత్ గురించే మాట్లాడారు. "ఆ డిటెక్టివ్ సంగతేమిట్రా?" అన్నాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఈమధ్య టీవీలో ఆ సినిమా మళ్ళీ చూశాను. ఇరవై ఏళ్ళు దాటినా నా ప్రశ్న అలాగే వుంది.

నాకీ డిటెక్టివ్ పిచ్చి అబ్బా నుంచి వచ్చింది. ఆయన రైసుమిల్లు గుమాస్తా. అలహాబాదు నుంచి 1952లో మొదలైన ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' పాత పుస్తకాలు, కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు ఒకే ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. కల్నల్ ఫరీదీ అయినా, యుగంధర్ అయినా ఎదుటివాణ్ణి అనుమానించి ఊరుకోడు, తన అనుమానాన్ని కూడా అనుమానిస్తాడు. మన తర్కశాస్త్రంలో అనుమానం అంటే అసలు అర్థం అదే కదా. పొగని చూసి నిప్పుని ఊహించడం, ఆ ఊహకి ఆధారం చూపడం. వాడుకలోకొచ్చేసరికి అది పెళ్ళాం మీద మొగుడికుండే జబ్బు పేరైంది!

అనురాగ్ బసు తీసిన ఈ సినిమాకి ఆ రెండో అర్థమే తెలుసు. కథ బ్యాంకాక్‌లో. సిమ్రన్ తన అక్క చనిపోతే బావ సుధీర్‌ని పెళ్ళాడింది, అక్క కొడుకు కోసం. అతనికి ఉద్యోగం తప్ప మరో ధ్యాస లేదు. కాలేజీనాటి ప్రేమికుడు సన్నీ ఎదురవుతాడు. సంబంధం మొదలవుతుంది. భర్తకి అనుమానమొచ్చి డిటెక్టివ్‌ని పెడతాడు. ఫోటోలొస్తాయి.

ఇందులో నిజమైన కథ మొదటి వాక్యంలోనే వుంది. గోదావరి జిల్లాల్లో ఇలాంటి పెళ్ళి తెలియని వీధి వుండదు. హిందువుల ఇళ్ళల్లోనూ, మా ఇళ్ళల్లోనూ. పెద్దది పురిట్లో పోతే చిన్నదాన్ని ఇచ్చేస్తారు, బిడ్డకి పరాయి సవతితల్లి రాకూడదని. చిన్నదాన్ని అడిగేవాళ్ళుండరు. గోడమీద అక్క ఫోటో, ఆ ఫోటోకింద ఈమె కాపురం. భర్త తనని పిలుస్తున్నాడా, చనిపోయినామెని పిలుస్తున్నాడా అని ఎన్ని రాత్రులు అనుకుంటుందో! డిటెక్టివ్ వెతకాల్సింది అక్కడ. కానీ దర్శకుడు ఆ గదిలోకి తొంగిచూసి, పాటల కోసం పడకగదిలోకి వెళ్ళిపోయాడు. ఒక పాటకి ఈజిప్టు గాయకుడు అమ్ర్ దియాబ్ బాణీని అరబ్బీ మాటలతో సహా తెచ్చుకున్నారు. మా సాయిబులకి అరబ్బీ అంటే మసీదులో వినే భాష. హాల్లో ఆ మాటలు వినబడగానే నేను సీట్లో ఇబ్బందిగా కదిలాను. ప్రేమ గీతానికి అరబ్బీ ఎందుకు పనికిరాదూ అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడనిపించలేదు.

డిటెక్టివ్‌తో కథకి పని ఫోటోల వరకే. భార్య వెనక మనిషిని తిప్పడం తప్పా ఒప్పా అని భర్త ఒక్క క్షణమైనా ఆలోచించడు. సినిమా అసలే ఆలోచించదు. భర్తకంటే ముందే ప్రేక్షకుడికి అంతా చూపించేశాక ఇక ఉత్కంఠ ఎక్కడిది? అందుకే రెండో సగంలో గారడీ మొదలుపెట్టారు. ఫ్రెంచి దర్శకుడు క్లోద్ షాబ్రోల్ 1969లో తీసిన మూలంలో భర్త ప్రియుణ్ణి చంపేస్తాడు. దాన్ని మళ్ళీ తీసిన హాలీవుడ్ 'అన్‌ఫెయిత్‌ఫుల్' (2002)లోనూ చంపేస్తాడు. ఆ రక్తం మధ్య భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి రావడమే ఆ రెండిటి బలం. మనవాళ్ళు 'మర్డర్' అని పేరు పెట్టుకుని, భర్త చేతికి మర్డర్ అంటకుండా చేశారు. చంపి పూడ్చాననుకున్నవాడు బతికొస్తాడు, పెద్ద కుట్రదారని తేలుతుంది, ఆఖరికి చస్తాడు. సంసారం నిలబడింది, ఇంటికి పొండి!

ఇది 1860 నాటి శిక్షాస్మృతి 497వ సెక్షన్ రాసిన స్క్రీన్‌ప్లే. ఆ చట్టంలో నేరస్థుడు పరాయి మగవాడు, బాధితుడు భర్త. భర్త ఒప్పుకుంటే నేరమే కాదు. భార్యకి శిక్ష లేదు, ఎందుకంటే ఆమె మనిషికింద లెక్కలేదు. సుప్రీంకోర్టు దాన్ని 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అదే కోర్టు 2025 జూలైలో, భార్యాభర్తల మాటల్ని ఒకరికి తెలియకుండా మరొకరు రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా చూడొచ్చంది. ఇక డిటెక్టివ్‌కి ఫీజు కూడా దండగ, ప్రతి మొగుడి జేబులో ఫోనుంది.

ఉర్దూలో డిటెక్టివ్‌ని జాసూస్ అంటాం. ఖురాన్ 49వ సూరా 12వ ఆయత్‌లో అతిగా అనుమానించొద్దని, ఒకరి గుట్టు ఒకరు కూపీ తీయొద్దని చెప్పినచోట వున్నది ఆ ధాతువే. 24వ సూరా ఇంకా ముందుకెళ్తుంది. శీలవతి మీద నిందవేసి నలుగురు సాక్షుల్ని తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలు, ఆపైన వాడి సాక్ష్యం ఎన్నటికీ చెల్లదు. సాక్షుల్లేని భర్త ప్రమాణం చేస్తే భార్య ఎదురు ప్రమాణం చేయొచ్చు. ఆ ప్రమాణంతో ఆమె శిక్ష తప్పిపోతుంది. అది లిఆన్. ఇవన్నీ మనకి తక్రీర్లలో చెప్పుకోడానికి బావుంటాయి.

మా వీధిలో ఒకామె వుండేది. మొగుడు కువైట్‌లో. వీధంతా అతనికి జీతంలేని జాసూసే. వారంవారం బస్టాండు దగ్గర ఎవరో మగవాడితో మాట్లాడుతోందని ఓ పెద్దమనిషి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మగవాడు టైలరు. ఆమె అతని దగ్గర జాకెట్లకి కాజాలు, హెమ్మింగు పని తెచ్చుకునేది. మొగుడి డబ్బు అత్తగారికే వచ్చేది మరి. పెద్దలు కూచున్నారు. అబ్బా లేచి, నలుగురు సాక్షులేరని అడిగాడు. "ఇది పరువు సంగతి భాయ్, మీ జాసూసీ నవల కాదు" అని నవ్వారు. ఆమె రామచంద్రపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఫోన్ చేసినాయన ఇప్పటికీ జుమ్మా నమాజుకి ముందు వరుసలోనే నిలబడతాడు.