సంతకం పెట్టే అర్హత

రియాద్, జెడ్డాల్లో డిజైన్ పని వెతుక్కునే మన తెలుగు కుర్రాళ్లు ముందుగా అడిగేది ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు ఎలా పెంచుకోవాలని. ఖురాన్ లిపికారుడు ఉస్మాన్ తాహా రాసిన పుట ఒకటి తెరిచి చూడమంటాను నేను.

సిరియాలో పుట్టిన ఈ మహానుభావుడు 1988లో మదీనా చేరాడు. అక్కడి కింగ్ ఫహద్ ముద్రణాలయం అచ్చువేసే ఖురాన్ ఆయన చేతిరాతే. 604 పుటలు, మొదటి రెండూ తప్పిస్తే పుటకు 15 పంక్తులు. ఏ పుటా ఆయత్ (ఖురాన్ వాక్యం) మధ్యలో తెగదు. అయినా ఎక్కడా ఇరుకు లేదు, సాగదీత కనబడదు! పేజీ లేఅవుట్ ఇంతకంటే గొప్పగా చేసినవాళ్లుంటే నాకు చూపించండి.

ఈ రాతకు వాడే రెల్లు కలం మొనను ఏటవాలుగా కోస్తారు. దాన్ని కాగితం మీద ఒక్కసారి నొక్కితే పడే డైమండ్ చుక్కే కొలబద్ద. అలిఫ్ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలో దాంతోనే లెక్క. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో లిపికారుడు ఇబ్న్ ముఖ్లా ఏర్పరిచిన పద్ధతంటారు. రాత శైలుల్లో చదువుకోవడానికి నస్ఖ్, ఠీవికి సులుస్. నా ఓటు సులుస్‌కే. సౌదీ జెండా మీద ఉన్నది అదే. మక్కాలో కాబా మీద కప్పే కిస్వా వస్త్రానికి లిపికారుడు ముఖ్తార్ ఆలం రాసిన అక్షరాలూ ఆ శైలివే. నల్లపట్టు మీద బంగారు, వెండి జరీతో కుట్టినా ఆ వంపుల్లో కలం కదలిక చావదు!

ఈ విద్యలో గురువు ఇజాజా (అనుమతి పత్రం) ఇస్తేనే శిష్యుడు రాతకింద తన పేరు పెట్టుకోవాలి. తన గురువు హామిద్ అల్ ఆమిదీ నుంచి ఉస్మాన్ తాహా ఇజాజా అందుకున్నది 1973లో. అప్పటికి ఆయనకు నలభై దగ్గర పడింది. మనవాళ్లు మూడు నెలల కోర్సు కాగానే లోగో చేయించుకుని ‘క్రియేటివ్ డైరెక్టర్’ అని తగిలించుకుంటున్నారు.

రంజాన్ వస్తే చాలు, వాళ్ల పోస్టర్ల నిండా నెట్‌లో దొరికిన నెలవంక, లాంతరు, ఉచిత ఫాంటు. కలిసి ఉండాల్సిన అరబీ అక్షరాలు విడివిడిగా, తిరగబడి అచ్చయిన బోర్డులు చూస్తే ఒళ్లు మండుతుంది. సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విరిగిన తెలుగు ఫ్లెక్సీ చూసి నవ్వుకున్నవాళ్లమే ఆ పని చేస్తున్నాం! సౌదీ ప్రభుత్వం 2020ని అరబీ కాలిగ్రఫీ సంవత్సరంగా ప్రకటించి, 2021 దాకా పొడిగించింది. 2021లోనే ఆ కళకు యునెస్కో గుర్తింపూ వచ్చింది. వీధిలో బోర్డులు మాత్రం మారలేదు.

తమ్ముళ్లూ, వారానికి ఒక పూటైనా ఖత్ (అరబీ కాలిగ్రఫీ) నేర్పే ఉస్తాద్ దగ్గర కూర్చోండి. పోర్ట్‌ఫోలియోలో ఇరవై పోస్టర్లు కుక్కకండి. ఒక్క అరబీ పేరు తీసుకుని, కొట్టివేసిన చిత్తుప్రతులతో సహా పెట్టండి. అరబీ తెలిసిన కంపెనీవాళ్లు ముందు చూసేది అదే. లిపి మీకు రాకపోతే వచ్చినవాడితో రాయించి, డబ్బులిచ్చి, పోస్టర్ మూలన అతని పేరు కూడా వేయండి.