నోబుల్ దొరగారి జీవితచరిత్రలో కనిపించని బందరు వీధులు

రెవరెండ్ రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారిని గూర్చి మన సంఘచరిత్రలలోను, స్మారక ప్రసంగాలలోను వినబడే వృత్తాంతము చాలవరకు ఒకే మూలము నుండి వచ్చినది. ఆయన సోదరుడు జాన్ నోబుల్ గారు వ్రాసిన జీవితచరిత్రయే ఆ మూలము. అది భక్తితో వ్రాసిన గ్రంథము. దాని విలువను మేము తగ్గించడము లేదు. అయితే అది ఇంగ్లండులోని పాఠకుల కొరకు వ్రాసినది. వారికి బందరు ఒక పేరు మాత్రమే. మనము కూడా వారి కళ్లతోనే మన ఊరిని చూడడము మా అభ్యంతరము.

బందరులో వలందపాలెము ఉన్నది, పరాసుపేట ఉన్నది, ఇంగ్లీషుపాలెము ఉన్నది. డచ్చివారిని వలందులని, ఫ్రెంచివారిని పరాసులని మన పెద్దలు పిలిచేవారు. ఇంగ్లీషువారి వర్తకస్థానము 1611లోనే ఇక్కడ వెలసింది. అనగా 1841లో నోబుల్, ఫాక్స్ గార్లు వచ్చేనాటికి ఈ ఊరు తెల్లవారిని రెండు వందల యేండ్లకు పైగా ఎరిగియున్నది. వారితో బేరమాడడము తెలిసిన ఊరు, వారి చదువు తీసికొని మతము విడిచిపెట్టడము కూడా నేర్చుకొనియే ఉండును. 1843లో తెరచిన బడికి అగ్రకులాల పిల్లలు వచ్చుటలో వింత లేదు.

1852లో ఐనాల భూషణము, మంచాల రత్నము గార్లు బాప్తిస్మము పొందగానే ఆ బడి దాదాపు ఖాళీ అయ్యింది. దీనిని "అన్యుల వ్యతిరేకత" అని ఒక్క మాటతో దాటవేయుట వాడుక. బాప్తిస్మము పొందినవాడు తిరిగి తన వీధిలో అడుగుపెట్టలేడు. ఇంటి బావి, భోజనపు పంక్తి, చెల్లెలి పెండ్లి అన్నియు ఆ వీధిలోనే ఉన్నవి. ఈ సంగతి చెప్పకపోతే ఆ యువకులు చెల్లించిన వెల మనకు తెలియదు. తండ్రుల భయమును కూడా న్యాయముగా తూచలేము.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. ఆ బడిలో పంచముల పిల్లలకు ప్రవేశము లేదు. నోబుల్ గారు దీనిని తెలియక చేయలేదు, ఆలోచించియే చేసి సమర్థించుకొన్నారు. పైవారు మారితే క్రిందివారికి సువార్త తానే దిగివచ్చునని ఆనాడు అనేకులు తలంచారు. అయితే 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు, మాలవారు, అదే మిషనుకు చెందిన డార్లింగ్ గారి యొద్ద బాప్తిస్మము పొందారు. కృష్ణా ప్రాంతపు సంఘము పెరిగినది ఆ పల్లెల నుండియే. నోబుల్ గారు అప్పటికింకా సజీవులు. మన పుస్తకాలలో ఈ రెండు చరిత్రలు వేర్వేరు అధ్యాయాలలో నడుస్తాయి, ఒకదానినొకటి పలుకరించవు!

ఆయన త్యాగము నిజమైనది. ఇరువది నాలుగేండ్లు స్వదేశము చూడలేదు, వివాహమాడలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోగా, ఆయన బ్రతికి, మరుసటి యేడు అక్టోబరులో బందరులోనే కన్నుమూశారు. విమర్శించినందున ఇందులో ఏదియు తరగదు.

ఈ అంశముపై సిద్ధాంతవ్యాసము వ్రాయబోవు విద్యార్థి ఆ జీవితచరిత్రను చేతబట్టుకొని ముందుగా బందరు వెళ్లవలెను. పరాసుపేట నుండి మాలపల్లె వరకు నడచి, అక్కడి వృద్ధ విశ్వాసుల యొద్ద కూర్చుండి, వారి తాతలు ఏ బడికి వెళ్లారో అడిగి వ్రాసికొనవలెను.