కారని కారు

రామగిరి గుట్టలు కనుచూపుమేరలో నిలిచియుండు మా సెంటినరీ కాలనీలో, వేపచెట్టు క్రింద నేను నిలుపుకొను 1974 నాటి అంబాసడరు, రాత్రి గడచి తెల్లవారునప్పటికి గచ్చుమీద రూపాయి బిళ్ళంత నల్లని చుక్క నొకదానిని విడిచియుండుట పదునారేండ్లుగా నాకు పరిచితమైన విషయము. చాయ పొయ్యిమీద పెట్టుటకు ముందు ఆ చుక్కను చూచివచ్చుట నాకు నిత్యకృత్యము. కారు కారుటలో వింత యేమున్నదని మా ఇంటివారి పరిహాసము. తెలుగు భాషయే ఆ వాహనమునకు అట్టి పేరిచ్చి ఆశీర్వదించినదని నా సమాధానము.

హాస్యమటుంచి, ఆ కారుటకు శాస్త్రీయమైన కారణము కలదు. హిందుస్థాన్ మోటార్సువారు వంగదేశపు ఉత్తరపాడాలో 2014 మే నెలవరకు, అనగా తెలంగాణ రాష్ట్రావతరణమునకు కొలది దినములు ముందువరకు, నిర్మించిన ఈ బండికి మాతృక ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు. దీని 1489 సి.సి. పెట్రోలు ఇంజనును రూపొందించిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషనువారు, క్రాంక్ షాఫ్టు వెనుక కొసను రబ్బరు సీలుతో బంధింపక, దానిమీద ఎదురు మరను చెక్కి, షాఫ్టు తిరుగుచున్నంతసేపు ఆ మరయే నూనెను ఇంజను అడుగునున్న సంపులోనికి మరల నెట్టునట్లు ఏర్పరచిరి. ఇంజను ఆగెనా, నెట్టువాడు లేడు. ఒకటి రెండు చుక్కలు తమ దారి తాము చూచుకొనును.

ఈ సంగతి తెలియని తొలినాళ్ళలో నేను సంపు దింపి, కార్కు గ్యాస్కెట్టుకు ఇరువైపుల జిగురు దట్టముగా పూసి, మరలు తెగునంత బలముగా బిగించి, గెలిచితిననుకొంటిని. లోపలికి పొంగి గట్టిపడిన ఆ జిగురు పెచ్చులుగా ఊడి, నూనె పంపు నోటనున్న జల్లెడకు అడ్డుపడగా, పీడనము చూపు ముల్లు దినదినము క్రుంగసాగినది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ల మరమ్మతు చేసి రిటైరైన మా పొరుగాయన నాతోపాటు బండి క్రిందికి దూరి, ఆ పెచ్చులను ఒక్కొక్కటిగా ఏరివేయుచు అన్న మాట ఇది: “సారూ, గీ బండి కారినన్ని దినాలు నీకు బుగులు లేదు. కారుడు బందయిందనుకో, అప్పుడు నూనె జూడు.”

ఇక నూనె నలుపు మాట. బొగ్గుబాయి నీడలో బ్రతికినవారు నలుపును నిందించుట కృతఘ్నత. మా తాతలు ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెట్టిన కందెన నల్లగా నున్నదని ఎవరు చింతించిరి? దహనమువలన పుట్టిన మసిని తనలో మోయుట ఇంజను నూనెకు ధర్మము. నల్లబడిన నూనె పనిచేయుచున్న నూనె. ధూళి సంగతి వేరు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగిన పిమ్మట, గాలి మావైపు వీచిన దినమున, బట్టల తీగమీద వ్రేలు పెట్టిన అంటునది అదియే; బొగ్గుతో ఇసుకరాతి పొడి కలసిన ఆ ధూళి సిలిండరులోనికి పోయెనేని పిస్టను రింగులను ఉప్పుకాగితమువలె అరగదీయును. అందుచేత, అడుగున నూనె నింపి గాలిని దానిమీదుగా పోనిచ్చు ఆ పాతకాలపు ఎయిర్ క్లీనరును పుస్తకము చెప్పిన గడువువరకు ఆగక నెలకొకసారి విప్పి కడుగుదును. గిన్నె అడుగున పేరుకొన్న బురదను వ్రేళ్ళమధ్య నలిపిచూచిన కరకరలాడును. ఆ కరకర ఇంజనులో వినబడవలసినది కాదు.

నూనె మార్చుట ఆదివారపు పని. ఇంజను వేడిగా నుండగనే ప్లగ్గు విప్పవలెను. చల్లారిన నూనె మురికిని అడుగున వదలి తాను మాత్రమే దిగివచ్చును. వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండపు ఎండలకు 20డబ్ల్యు-50 చిక్కదనమే నాకు నచ్చినది. ఖరీదైన కొత్త కార్ల నూనె పోసి పాత బండిని గౌరవించితిమనుకొనువారు కలరు; కాని నేటి కార్ల పొగగొట్టములోని ఉత్ప్రేరకము చెడకుండుటకై ఆ నూనెలలో జింకు, ఫాస్ఫరసుల పాలు తగ్గించిరనియు, క్యాముమీద నేరుగా రాచుకొను ప్రాతకాలపు టాపెట్లకు ఆ రెండే రక్షయనియు వారెరుగరు. నాలుగు లీటర్లు పోసిన పిదప, వెంటనే స్టార్టు చేయక, కాయిలు తీగ ఊడదీసి, ముల్లు కదలువరకు సెల్ఫు కొట్టుదును. ఎండిన బేరింగులమీద ఇంజను ఒక్క నిమిషము పరుగెత్తుట నాకు సహింపరాదు.

క్రిందటి వేసవిలో ఒకనాటి ఉదయము గచ్చుమీద చుక్క లేదు. మొదట కలిగినది సంతోషమేయని ఒప్పుకొనవలెను. పదునారేండ్ల రోగము తనంతట తానే కుదిరెనని చాయకు పోయితిని. సగము గ్లాసు త్రాగునప్పటికి పొరుగాయన మాట జ్ఞప్తికి వచ్చినది. డిప్‌స్టిక్కు తీయగా దాని కొన పొడిగా నున్నది. ముందటి ఆదివారము ఫిల్టరు మార్చునప్పుడు, గాడిలో అతుకుకొనియున్న పాత రబ్బరు రింగును మడ్డియని భ్రమించి, దానిపైననే కొత్తది బిగించియుంటిని. ఇంజను ఆగియున్నప్పుడు చుక్కయైన రాల్చని ఆ కూర్పు, పీడనము తగిలినంతనే చిమ్ముచు, నేను మంథని పోయివచ్చిన దారిపొడవున నూనెను పంచిపెట్టినది. గుమ్మము ముందు మాత్రము పరిశుభ్రము. గుండుసూదితో పాత రింగును పెకలించి, రెండున్నర లీటర్లు పోసి, ముల్లు లేచువరకు ఊపిరి బిగబట్టి కూర్చుంటిని.

మరునాడు తెల్లవారుజామున, మొదటి షిఫ్టువారు బాయికి పోవు వేళ, టార్చి పట్టుకొని వెళ్ళి చూచితిని. రూపాయి బిళ్ళంత ఉన్నది.