పొగ లేని తుపాకులు

పనిచేస్తున్న యంత్రాన్ని ఫోటో తీయడం, ఇంకా పుట్టని యంత్రాన్ని ఊహించి బొమ్మ గీయడం: ఈ రెండూ ఒకే పరీక్షకు నిలబడాలని నా అభిప్రాయం. "ఇది నిజంగా పనిచేస్తుంది" అని చూసేవాళ్ళు నమ్మాలి. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఈ మాటను ఊరికే నమ్మరు. డెమో బానే ఉంది, లాగ్ చూపించు అంటారు. ప్రోగ్రామ్ నడిచిందంటే ఎక్కడో ఒక జాడ వదిలి ఉండాలి కదా! ఆ జాడ కోసం వెతుకుతూ రెండు రకాల బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి, విన్‌స్టన్ లింక్ తీసిన ఆవిరి ఇంజన్ల ఫోటోలు. రెండోది, సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో కనిపించే రేపటి తుపాకులు.

లింక్ (1914–2001) బ్రూక్లిన్‌లో పుట్టి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, ప్రకటనలకు ఫోటోలు తీస్తూ బతికినవాడు. 1955 జనవరిలో వర్జీనియాకు పని మీద వెళ్ళినప్పుడు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఇంజన్లు అతని కంటపడ్డాయి. అమెరికాలో మిగతా పెద్ద రైల్వేలు డీజిలుకు మారిపోతున్న రోజులవి. బొగ్గు రవాణాతో బతికే ఈ కంపెనీ మాత్రం ఆవిరిని వదల్లేదు. 1960లో అక్కడా దాని కథ ముగిసింది. ఆ అయిదేళ్ళలో లింక్ మళ్ళీ మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఎక్కువగా సొంత డబ్బు ఖర్చుపెట్టి, రెండువేలకు పైగా ఫోటోలు తీశాడు.

వాటిలో పేరుపడ్డవి ఎక్కువగా రాత్రివేళ తీసినవే. సూర్యుడు మన మాట వినడు, ఫ్లాష్ బల్బులు వింటాయి. పదులకొద్దీ బల్బుల్ని మైదానంలో అమర్చి, తీగలు లాగి, రైలు సరిగ్గా అనుకున్న చోటుకి రాగానే ఒక్కసారి వెలిగించాలి. ఒకసారి వెలిగిన బల్బు మళ్ళీ పనికిరాదు. రైలు వెనక్కి రాదు. అందుకే అతను బల్బుల్ని వరసగా ఒకే వలయంలో కలిపాడు. ఒక్కటి చెడినా ఏదీ వెలగదు, కనీసం బల్బులు మిగులుతాయి. డేటాబేస్‌తో పనిచేసేవాళ్ళకి ఈ పద్ధతి బాగా తెలుసు: అయితే అంతా, లేకపోతే ఏదీ వద్దు.

ఆ ఫోటోల్లో ముందుగా కంటికి ఆనేది ఇంజన్ కాదు, నల్లటి ఆకాశం మీద తెల్లగా లేచిన ఆవిరి, పొగ. మనవాళ్ళు రైలుకి పొగబండి అని పేరు పెట్టింది ఊరికే కాదు. సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరి చిమ్నీ గుండా బయటికి తన్నుకుపోతూ, తనతోపాటు పొయ్యిలోని వేడిగాలినీ లాక్కుపోతుంది. దాంతో నిప్పులోకి కొత్త గాలి వస్తుంది. ఇంజన్ ఎంత కష్టపడితే నిప్పు అంతగా రాజుకుంటుంది. చుక్ చుక్ మనే ఆ చప్పుడు ఇదే. చూడ్డానికి వ్యర్థంగా పోతున్నట్టుండేదే ఇంజన్‌ని నడిపిస్తోంది. లింక్ ఫోటోలో పొగ అలంకారం కాదు. అది ఆ ఇంజన్ లాగ్.

ఇంకో జాడ మనుషులు. రోనోక్ షెడ్డులో గొట్టాలతో నీళ్ళు కొట్టి ఇంజన్ కడుగుతున్న పనివాళ్ళు, వంతెన మీద రైలు పోతుంటే కింద వాగులో ఈదుతున్న పిల్లలు. ఈ మనుషులు నాకు కొంచెం బొమ్మల్లా అనిపిస్తారు. లింక్ నిలబడమన్న చోట నిలబడ్డారు, ఒక్కరి మొహంలోనూ అలసట కనబడదు. ప్రకటనల ఫోటోగ్రాఫర్ చెయ్యి అది. అయినా యంత్రం ఎవరి మధ్య నుంచి పోతోందో అతను మరిచిపోలేదు.

వీటన్నిట్లోకీ ఎక్కువగా చర్చకొచ్చేది 1956లో వెస్ట్ వర్జీనియాలోని ఈగర్ ఊళ్ళో తీసిన ఫోటో. కార్లలో కూర్చుని సినిమా చూసే ఆరుబయలు థియేటర్. ముందు కారులో ఒక జంట. తెర మీద ఒక యుద్ధవిమానం. తెర పక్కనుంచి పొగ చిమ్ముతూ గూడ్సు బండి. కారులో జంట చూపు తెర వైపే. పోతున్న రైలు అక్కడివాళ్ళకి రోజూ ఉండేదే, కల్పిత యుద్ధం కొత్త. ఇంకా తమాషా ఏమిటంటే, ఫ్లాష్ వెలుగుకి తెర మీది బొమ్మ వెలిసిపోతే, విమానాన్ని లింక్ తర్వాత వేరే నెగెటివ్ నుంచి తెచ్చి కలిపాడు. ఆ ఫోటోలో అతికించినది ఆయుధమే.

ఊహించిన ఆయుధాలకి ఈ అతుకు కొత్తేం కాదు. 1977 నాటి 'స్టార్ వార్స్'లో హాన్ సోలో తుపాకి, 1896లో మొదలైన జర్మన్ మౌజర్ సి96కి టెలిస్కోపూ ఇతర ముక్కలూ తగిలించి చేసినది. తెల్లకవచాల సైనికులవి బ్రిటిష్ సైన్యపు స్టెర్లింగ్ సబ్‌మెషిన్‌గన్లు. లూక్ చేతిలోని కాంతిఖడ్గం పిడి అయితే గ్రాఫ్లెక్స్ కంపెనీ పాత కెమెరా ఫ్లాష్ పిడే! లింక్ వాడిన పెద్ద కెమెరాలు కూడా ఆ కంపెనీవే. రైలుని చూపించడానికి వెలుగునిచ్చిన రకం వస్తువు, ఇరవై ఏళ్ళ తర్వాత ఆయుధమై కూర్చుంది.

ఆ తుపాకుల్ని మనం ఎందుకు నమ్మాం? వాటి మీద గీతలున్నాయి, అరుగుదల ఉంది, బరువుంది. నిజమైన వాడకపు జాడని అప్పు తెచ్చుకున్నాయి. తర్వాత వచ్చిన చాలా కంప్యూటర్ బొమ్మల్లో, వీడియో గేముల్లో ఆ అప్పు కూడా లేదు. నున్నటి తెల్లటి డొల్ల, పక్కన ఒక నీలిదీపం. వేడి ఎటు పోతుంది? వెనక్కి తన్నే దెబ్బని ఏ భుజం ఓర్చుకుంటుంది? వీటికి జవాబుండదు.

నిజం తుపాకులు చేసేవాళ్ళు ఆ జవాబు తప్పించుకోలేరు. జర్మనీలో హెక్లర్ అండ్ కాక్ కంపెనీ జి11 అనే రైఫిల్ మీద ఏళ్ళతరబడి శ్రమపడింది. తూటాకి ఇత్తడి తొడుగే ఉండదు. బరువు తగ్గుతుంది, పారేసేది ఏమీ మిగలదు. కాగితం మీద ఇంతకన్నా శుభ్రమైన ఊహ లేదు. కానీ ఆ తొడుగు కాల్పుల వేడిలో కొంత మోసుకుని బయటికి పోయేదట! అది లేకపోయేసరికి తొలి నమూనాల్లో వేడికి మందు దానంతటదే అంటుకునే ఇబ్బంది వచ్చింది. మందు కూర్పు మార్చి దాన్ని అదుపు చేశారు. ఈలోగా రెండు జర్మనీలూ ఒకటయ్యాయి, ఆ రైఫిల్ సైన్యమంతటి చేతికీ చేరకుండానే ఆగిపోయింది. వ్యర్థం అనుకున్నది ఏదో పని చేస్తూనే ఉంటుందని ఇంజన్ పొగ చెప్పిన పాఠాన్నే ఇత్తడి తొడుగూ చెప్పింది.

అయితే వేడి లెక్క సరిచేసినంత మాత్రాన తుపాకి బొమ్మ పూర్తి కాదు. రైలు ఫోటోలో పట్టాల పక్క మనిషి ఉన్నాడు. డిజైన్ షీటులో తుపాకికి పక్క చూపు, పై చూపు, విడిభాగాలు అన్నీ ఉంటాయి. గొట్టం ఎవరి వైపు తిరిగి ఉందో ఆ మనిషి ఉండడు. ఆ లోపం ఎంత నైపుణ్యంతోనూ పూడదు. ఆయుధం చేసే పని అక్కడ, ఆ మనిషి దగ్గరే జరుగుతుంది మరి.

పాతవాళ్ళకి ఈ సంగతి తెలుసు. తిక్కన తెలుగు చేసిన సౌప్తిక పర్వ కథలో అశ్వత్థామ ఒక గడ్డిపోచని మంత్రించి బ్రహ్మశిరోస్త్రంగా వదులుతాడు. ఆకారం గొడవే లేదు. కథ నడిచేదంతా దాన్ని వెనక్కి పిలవగలిగేది ఎవరు అన్న ప్రశ్న మీద. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామకి చేతకాలేదు. అది పోయి పోయి ఉత్తర కడుపులోని బిడ్డ మీద పడింది. ఒక గడ్డిపోచని మనం ఇప్పటికీ ఆయుధమని నమ్ముతున్నామంటే కారణం ఆ బిడ్డే.

రేపటి తుపాకుల్ని గీయొద్దని నేననను. అందంగా ఉన్నవాటిని నేనూ ఇష్టంగానే చూస్తాను. కానీ ఇకమీద ఏ ఆయుధం బొమ్మ చూసినా దాని వేడి ఎటు పోతుందనీ, అవతల ఎవరున్నారనీ అడుగుతాను. రెండూ లేకపోతే అది డెమో మాత్రమే.